ఆటిజం గల యువత - ఉపాధి: భైంసా ప్రాంత నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆటిజం గల యువతీయువకులకు ఉపాధి లభించడం వారి వ్యక్తిగత సామర్థ్యం మీదనే ఆధారపడి ఉంటుందన్న అభిప్రాయం లోకంలో బలంగా ఉంది. ఈ వ్యాసం ఆ అభిప్రాయాన్ని చరిత్ర వెలుగులో పరిశీలిస్తుంది. ఆటిజం అనే భావన రూపొందిన క్రమం, భారతదేశంలో వైకల్య చట్టాల పరిణామం, ధ్రువపత్ర విధానం, బడి నుండి పనికి చేరే దారి, కుటుంబ ఆర్థికస్థితి అనే అంశాలను నిర్మల్ జిల్లా భైంసా ప్రాంత స్థితిగతులతో అన్వయించి చూస్తుంది. పేరు, పత్రం, తోడ్పాటు అనే మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా సామర్థ్యం ఉపాధిగా మారదని ప్రతిపాదించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: ఆటిజం, ఉపాధి, భైంసా, వైకల్య చట్టాలు, ధ్రువపత్రం, సహేతుక సర్దుబాటు, ఉత్తర తెలంగాణ.

1. ప్రవేశిక:
వైకల్యాన్ని గురించి తెలుగులో వెలువడిన రచనలలో అధికభాగం బాల్యానికి సంబంధించినవే. ఆటిజం విషయంలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లవాడు మాట్లాడడం లేదని తల్లిదండ్రులు గుర్తించడం, వైద్యుని వద్దకు తీసుకొనివెళ్లడం, చికిత్సలు, ప్రత్యేక పాఠశాల - ఇంతవరకే చర్చ సాగుతుంది. ఆ పిల్లవాడు పద్దెనిమిదేళ్లు దాటిన తరువాత ఏమవుతాడన్న ప్రశ్న దగ్గర ఆ రచనలు ఆగిపోతాయి. కానీ ఆటిజం బాల్యంతో ముగిసేది కాదు. జీవితంలో ఎక్కువ కాలం మనిషి గడిపేది యౌవనంలోనూ, ఆ తరువాతి దశలలోనూ. ఆ కాలమంతటికీ ఆధారం పని.

పని అంటే జీతం ఒక్కటే కాదు. ఉదయం లేచి వెళ్లవలసిన చోటు, పలకరించే మనుషులు, ఊరిలో ఒక గుర్తింపు. ఫలానా వారి అబ్బాయిగా కాక, ఫలానా పని చేసే మనిషిగా పిలిపించుకోవడం పెద్ద మార్పు. అందువల్ల ఉపాధిని ప్రభావితం చేసే కారకాలను వైద్యశాస్త్రానికే వదలివేయకుండా సామాజిక చరిత్రలో భాగంగా చూడవలసి ఉంది.

2. భైంసా - సరిహద్దు, భాష, పని:
నేటి నిర్మల్ జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రమైన భైంసా మహారాష్ట్ర సరిహద్దుకు సమీపంలో ఉన్న పట్టణం. నిజాం పాలనలో ఇది నాందేడ్ జిల్లా ముధోల్ తాలూకాలో ఉండేది. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం నాందేడ్ జిల్లాను బొంబాయి రాష్ట్రానికి ఇస్తూ, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లను మినహాయించింది. ఈ మూడు సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌లో భాగమై ఆదిలాబాద్ జిల్లాలో చేరాయి. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు నిర్మల్ జిల్లాలోకి వచ్చాయి. అంటే అరవై ఏళ్లలో ఈ ప్రాంత ప్రజలు మూడు జిల్లా కేంద్రాల పాలనను చూశారు.

ఈ చరిత్ర రెండు విధాలుగా ప్రస్తుత విషయానికి సంబంధించినది. మొదటిది భాష. భైంసా బజారులో తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. ఇంట్లో ఒక భాష, బడిలో ఒకటి, అంగట్లో మరొకటి ఉండడం ఇక్కడ సహజం. రెండవది వైద్యం. నాందేడ్ ఇప్పుడు పొరుగు రాష్ట్రంలో ఉన్నా, జాతీయ రహదారి 61 మీద రాకపోకలు మాత్రం తెగలేదు. వైద్యం, వ్యాపారం, బంధుత్వం సరిహద్దు దాటి సాగుతుంటే, ప్రభుత్వ పత్రాలు మాత్రం సరిహద్దుకు లోబడి ఉంటాయి.

భైంసా పత్తికి పేరుపొందింది. పత్తి ఏరడం, కాంటా పెట్టడం, మార్కెట్ యార్డు, జిన్నింగ్ మిల్లులో గింజను దూదిని వేరుచేయడం, దూదిని బేళ్లుగా నొక్కడం, గింజను నూనె మిల్లుకు పంపడం - ఈ వరుసలోనే ఇక్కడి కూలి జీవితం చాలావరకు నడుస్తుంది. పత్తి పని ఏడాది పొడవునా ఉండదు. ఏరే కాలం అక్టోబరులో మొదలై చలికాలంలో ముమ్మరమై వేసవి నాటికి సన్నగిల్లుతుంది. ఉత్తర తెలంగాణలో బీడీలు చుట్టే పని, గల్ఫ్ వలస కూడా ఎన్నో కుటుంబాలకు ఆధారాలు. ఆటిజం గల యువకుని ఉపాధిని ఆలోచించేటప్పుడు మహానగరపు సాఫ్ట్‌వేర్ కార్యాలయం కన్నా ముందుగా ఈ పనులనే లెక్కలోకి తీసుకోవాలి.

3. పేరు లేని కాలం, పేరు వచ్చిన కాలం:
‘ఆటిజం’ పదాన్ని గ్రీకులో ‘తాను’ అని అర్థమిచ్చే మాట ఆధారంగా స్విస్ మనోవైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 20వ శతాబ్ది తొలినాళ్లలో రూపొందించాడు. అప్పుడది స్కిజోఫ్రెనియాలో కనిపించే ఒక లక్షణానికి పేరు మాత్రమే. సోవియట్ వైద్యురాలు గ్రున్యా సుఖరేవా 1920లలోనే కొందరు బాలుర ప్రవర్తనను నేటి ఆటిజం వర్ణనకు చాలా దగ్గరగా నమోదు చేసింది. 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లలను గురించి రాసిన వ్యాసం ఆటిజాన్ని ప్రత్యేక స్థితిగా నిలబెట్టింది. మరుసటి ఏడాది వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ వ్యాసం వెలువడింది. 1979లో లోర్నా వింగ్, జుడిత్ గౌల్డ్ లండన్‌లోని కాంబర్‌వెల్ ప్రాంతంలో జరిపిన పరిశీలన ఆటిజం ఒకే అచ్చులో ఉండదని చూపింది. 2013 నాటి డీఎస్ఎం ఐదవ కూర్పు వివిధ ఉపవిభాగాలను ఒకే వర్ణపటం కిందికి తెచ్చింది.

ఈ పరిణామం జరుగుతున్న కాలంలో తెలంగాణ పల్లెలలో ఆటిజం గలవారు లేరని కాదు. వారికి ఆ పేరు లేదు. ‘అమాయకుడు’, ‘మూగవాడు’, ‘పిచ్చివాడు’, ‘మందబుద్ధి’ వంటి మాటల కింద వారు చెదరిపోయి ఉన్నారని భావించవచ్చు. నిజాం రాజ్యంలో మానసిక వ్యాధిగ్రస్తులకు జాల్నాలో ఉన్న చికిత్సాలయం 1953లో హైదరాబాద్‌లోని ఎర్రగడ్డకు మారింది. ఉన్మాదానికి చికిత్సాలయం ఉంది. ఉన్మాదం కాని ఈ స్థితికి సంస్థ గాని, మాట గాని లేవు.

పేరు లేకపోవడం పని లేకపోవడం కాదు. పశువులను మేపడం, నీళ్లు తోడడం, గడ్డి కోయడం, పత్తి ఏరడం వంటి పనులు చేయడానికి ఎక్కువ మాట్లాడవలసిన అవసరం లేదు. ఏ రోజు చేసిన పని ఆ మరునాడూ అదే క్రమంలో ఉంటుంది. వ్యవసాయ కుటుంబం ఇటువంటి వారిని తనలో ఇముడ్చుకోగలిగింది. అయితే దీనిని స్వర్ణయుగంగా భావించడం పొరపాటు. ఎదురు చెప్పలేని, లెక్క అడగలేని మనిషి జీతగాడుగా, పాలేరుగా తిండికే పనిచేసే స్థితి వెట్టి వ్యవస్థ ఉన్న ప్రాంతంలో సులభంగా ఏర్పడుతుంది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దేశమంతటికీ వచ్చింది 1976లోనే. కనుక పాత పల్లె పనిని ఇచ్చింది. కూలిని, హక్కును ఇవ్వలేదు.

తెలుగులో నేటికీ ఆటిజానికి స్థిరపడిన పారిభాషిక పదం లేదు. మరాఠీలో ‘స్వమగ్నత’ వ్యాప్తిలోకి వచ్చింది. హిందీలో ‘స్వలీనత’, ప్రభుత్వ చట్టపాఠంలో ‘స్వపరాయణత’ కనిపిస్తాయి. తెలుగు పత్రికలు, వైద్యులు ‘ఆటిజం’నే వాడుతున్నారు. ఇందులో ఒక మేలు కూడా ఉంది. ‘స్వమగ్నత’, ‘స్వలీనత’ వంటి మాటలు ఆ వ్యక్తి తనలో తాను మునిగి, ఇతరులను కోరుకోనివాడన్న అర్థాన్ని ముందే మోసుకొని వస్తాయి. పనికి తీసుకొనే యజమాని మనసులో ఆ అర్థమే నిలిస్తే ఉపాధికి అది అవరోధం. ఆటిజం గలవారిలో చాలామంది తోడును కోరుకుంటారు. కోరే పద్ధతి వేరు. అందువల్ల అరువు మాటే అయినా తీర్పు లేని మాట మేలన్న వాదానికి బలముంది. పాత ప్రభుత్వ పత్రాలలోని ‘బుద్ధిమాంద్యం’ కింద ఆటిజాన్ని కలిపివేయడం కూడా ఇదే విధమైన పొరపాటు. ఆటిజం గలవారిలో కొందరికి మేధాపరమైన వైకల్యం ఉంటుంది, అందరికీ ఉండదు.

4. కానర్ చూసిన పిల్లలు పెద్దవారైన తరువాత:
ఆటిజం గలవారి ఉపాధికి సంబంధించిన తొలి దీర్ఘకాలిక ఆధారం కానరే అందించాడు. 1943లో తాను వర్ణించిన 11 మంది ఏమయ్యారో 1971లో ఆయన తిరిగి పరిశీలించాడు. ఆ వ్యాసం నేటి చర్చకు కూడా మూలాధారంగా నిలుస్తుంది.

మొదటి బాలుడైన డోనాల్డ్ ట్రిప్లెట్ మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ పట్టణానికి చెందినవాడు. 1942లో అతనిని ఊరికి పదిమైళ్ల దూరంలో ఒక కౌలురైతు దంపతుల ఇంట ఉంచారు. అతనికి కొలతలంటే విపరీతమైన ఆసక్తి. ఆ దంపతులు దానిని మాన్పించలేదు. బావి తవ్వించి దాని లోతు కొలిచి చెప్పమన్నారు. అంకెలు లెక్కపెట్టే అలవాటును మొక్కజొన్న సాళ్లు దున్నుతూ లెక్కపెట్టే పనికి మళ్లించారు. తరువాత అతడు చదువు పూర్తిచేసి, ఊరి బ్యాంకులో ఉద్యోగిగా దశాబ్దాల పాటు పనిచేశాడు. 2023లో తన 89వ ఏట మరణించాడు. మరో బాలుడు ఫ్రెడరిక్ పెద్దవాడై ప్రభుత్వ కార్యాలయంలో నకళ్లు తీసే యంత్రం మీద పనిచేశాడు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఏళ్ల తరబడి ఉండిపోయిన పిల్లలు మాత్రం బాల్యంలో కనబరచిన చురుకుదనాన్ని కూడా కోల్పోయారని కానర్ నమోదు చేశాడు.

ఇక్కడ గమనించవలసిన అంశాలు రెండు. ఒకటి, భేదానికి కారణం పిల్లల తొలి లక్షణాలు మాత్రమే కావు. వారు పెరిగిన చోటు. రెండు, డోనాల్డ్ పనిచేసిన బ్యాంకు అతని తల్లి వైపు కుటుంబం స్థాపించినది. అతని పట్టుదలనూ, ప్రతిభనూ తక్కువ చేయనక్కరలేదు. కానీ ఆ ప్రతిభకు తలుపు తెరిచింది కుటుంబ ప్రతిష్ఠ. భైంసాలోని పత్తి కూలీ కుమారునికి అంతే ప్రతిభ ఉన్నా ఆ తలుపు ఉండదు. వ్యక్తి సామర్థ్యం, సామాజిక అవకాశం అనే రెండింటి మధ్య భేదం ఉపాధి చరిత్రలో మొదటి ఉదాహరణ నుండే కనిపిస్తోంది.

ఈ సందర్భంలో ఆస్పెర్గర్ చరిత్ర ఒక హెచ్చరిక. తాను చూసిన కొందరు బాలుర ప్రత్యేక నైపుణ్యాలు వృత్తిలో రాణింపునిస్తాయని ఆయన వాదించాడు. అదే కాలంలో తీవ్ర వైకల్యం గల పిల్లలను నాజీలు హత్యలు జరిపిన ష్పీగెల్‌గ్రుండ్ కేంద్రానికి సిఫార్సు చేశాడని 2018లో వెలువడిన హెర్విగ్ చెక్, ఎడిత్ షెఫర్‌ల పరిశోధనలు వెల్లడించాయి. ‘పనికొచ్చేవాడు’, ‘పనికిరానివాడు’ అన్న విభజనతోనే మనిషి విలువను కట్టే సమాజం ఎక్కడికి చేరుతుందో ఇది చూపుతుంది. ఆటిజం గలవారు పనిచేయగలరు కనుక వారిని గౌరవించాలన్న వాదం మంచి ఉద్దేశంతో చేసినా ప్రమాదకరమే. గౌరవం ముందు, పని తరువాత.

5. చట్టాల క్రమం:
భారతదేశంలో వైకల్యం గలవారి ఉపాధి వ్యవస్థ మొదట శారీరక వైకల్యాన్ని దృష్టిలో ఉంచుకొని ఏర్పడింది. 1968లో హైదరాబాద్‌లో నెలకొన్న వృత్తి పునరావాస కేంద్రం ఆ దశకు చెందినది. 1984లో సికింద్రాబాద్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడడంతో మేధాపరమైన వైకల్యానికి జాతీయస్థాయి సంస్థ తెలుగు నేల మీదికి వచ్చింది. ఆటిజానికి ప్రత్యేకంగా పనిచేసే ‘యాక్షన్ ఫర్ ఆటిజం’ 1991లో ఢిల్లీలో మొదలైంది.

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను గుర్తించింది. అందులో ఆటిజం లేదు. ప్రభుత్వ ఉద్యోగాలలో 3 శాతం రిజర్వేషన్ దృష్టి, వినికిడి, చలన వైకల్యాలకే పరిమితమైంది. 1999లో జాతీయ ట్రస్టు చట్టం ఆటిజాన్ని పేరు పెట్టి గుర్తించింది. అయితే ఆ చట్టం సంక్షేమం, సంరక్షకత్వం మీద దృష్టి పెట్టింది. ఉద్యోగపు హక్కును ఇవ్వలేదు. ఒక చట్టంలో ఉద్యోగం ఉంది, ఆటిజం లేదు. మరొక చట్టంలో ఆటిజం ఉంది, ఉద్యోగం లేదు. ఈ రెండింటి నడుమ ఒక తరం యౌవనం గడచిపోయింది. 1990లలో పుట్టినవారు ఉద్యోగ వయసుకు వచ్చింది సరిగ్గా ఈ కాలంలోనే.

కూలి విషయంలోనూ ఇటువంటి లోపమే ఉంది. 1948 కనీస వేతనాల చట్టంలోని 26వ సెక్షన్ వైకల్యం గల ఉద్యోగుల వేతనాలకు ఆ చట్టాన్ని వర్తింపజేయనక్కరలేదని ఆదేశించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. అమెరికాలో 1938 నాటి శ్రమ ప్రమాణాల చట్టం కూడా వైకల్యం గలవారికి కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చేందుకు అనుమతించింది. వైకల్యం గలవారి శ్రమ తక్కువ విలువ గలదన్న భావన చట్టాలలోనే చోటు చేసుకొన్నదనడానికి ఇవి నిదర్శనాలు.

ఐక్యరాజ్యసమితి వైకల్యం గలవారి హక్కుల ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబర్ 1న ధ్రువీకరించింది. దాని 27వ అధికరణం పనిచేసే హక్కును ప్రకటిస్తుంది. ఆ బాధ్యతకు అనుగుణంగా వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. వైకల్యాల సంఖ్య 21కి పెరిగింది. ప్రభుత్వ ఉద్యోగాల రిజర్వేషన్ 4 శాతమైంది. ఇందులో 1 శాతాన్ని ఆటిజం, మేధా వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక రుగ్మత, బహుళ వైకల్యాలు గలవారు కలిసి పంచుకోవాలి.

ఇది చరిత్రలో పెద్ద ముందడుగు. అయితే దాని పరిధిని కూడా గ్రహించాలి. ఒకే శాతాన్ని పంచుకొనే ఈ వర్గాల వారి అవసరాలు ఒకటి కావు. రాతపరీక్షలో నెగ్గే అవకాశం నిర్దిష్ట అభ్యసన వైకల్యం గలవారికి ఒక విధంగా, మాట రాని ఆటిజం గలవారికి మరొక విధంగా ఉంటుంది. నూటికి ఒక పోస్టు అంటే, నియామకాలు తక్కువగా ఉండే చిన్న జిల్లాలో ఆ ఒక్క పాయింటు రావడానికి ఏళ్లు పట్టవచ్చు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు. సిబ్బందిలో కనీసం 5 శాతం వైకల్యం గలవారు ఉండేలా ప్రోత్సాహకాలు ఇవ్వాలని 35వ సెక్షన్ చెబుతుంది. భైంసాలో పనులు ఉన్నది ఎక్కువగా ప్రైవేటు, అసంఘటిత రంగాలలో కనుక చట్టం బలంగా ఉన్నచోట ఉద్యోగాలు తక్కువ, ఉద్యోగాలు ఉన్నచోట చట్టం బలహీనం.

6. ధ్రువపత్రం:
చట్టం ఇచ్చే ఏ ప్రయోజనానికైనా ద్వారం ధ్రువపత్రం. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉందని వైద్యాధికార మండలి నిర్ధారించాలి. ఆటిజం నిర్ధారణకు మార్గదర్శకాలను కేంద్ర ప్రభుత్వం 2016 ఏప్రిల్ 25న ప్రకటించింది. అంతకుముందు చాలామంది కుటుంబీకులు ‘బుద్ధిమాంద్యం’ పేరుతో పత్రం తీసుకోవలసి వచ్చేది. తీవ్రతను కొలిచేందుకు వాడే భారతీయ ఆటిజం మాపనిని రూపొందించింది సికింద్రాబాద్ సంస్థే. ఇందులో 40 అంశాలు ఉంటాయి. ఒక్కొక్క దానికి 1 నుండి 5 వరకు పాయింట్లు. మొత్తం 70కి చేరకపోతే ఆటిజం పరిధిలోకి రాదు. సామాజిక సంబంధాలు, భావస్పందన, భాష, ప్రవర్తన, ఇంద్రియస్పందన, గ్రహణశక్తి అనే ఆరు విభాగాలుగా ఈ అంశాలు అమరి ఉంటాయి.

ఈ విధానం ఉపాధిని ఎలా ప్రభావితం చేస్తుందో మూడు కోణాల నుండి చూడవచ్చు. మొదటిది, నిపుణుల కొరత. పరీక్షకు మనోవైద్యుడు లేదా శిశువైద్యునితో పాటు శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణుడు కావాలి. ఆదిలాబాద్‌లో వైద్య కళాశాల 2008లోనూ, నిర్మల్‌లో 2023లోనూ మొదలయ్యాయి. అంటే ఈ రోజు 25 ఏళ్ల వయసులో ఉన్న యువకుని బాల్యంలో తన జిల్లాలో ఈ సౌకర్యం దాదాపు లేదు. రెండవది, భాష. ఇంట్లో మరాఠీ లేదా ఉర్దూ మాట్లాడే పిల్లవానిని తెలుగులో ప్రశ్నిస్తే వచ్చే మౌనం ఆటిజం వల్లనా, భాష తెలియక వచ్చినదా అన్నది తేల్చడం కష్టం. మూడవది, మధ్యస్థితి. ధారాళంగా మాట్లాడి, బాగా చదువుకొని, 70 పాయింట్ల లోపు నిలిచే యువకునికి పత్రం రాదు. అదే యువకుడు ముఖాముఖి పరీక్షలో కళ్లలోకి చూడలేకనో, పరోక్షంగా అడిగిన ప్రశ్నకు అక్షరార్థంగా బదులిచ్చో ఉద్యోగం కోల్పోవచ్చు. పత్రానికి అతని వైకల్యం చాలదు; ఉద్యోగానికి ఎక్కువవుతుంది.

గణాంకాలలోనూ ఈ వర్గం కనిపించదు. 2011 జనగణన దేశంలో 2.68 కోట్ల మంది వైకల్యం గలవారిని లెక్కించింది. అందులో ఆటిజానికి వేరే గడి లేదు. లెక్కలోకి రానివారికి పథకాలు రచించడం ఏ జిల్లా యంత్రాంగానికైనా సాధ్యం కాదు.

7. బడి నుండి పనికి:
2009 విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ జాతీయ ట్రస్టు చట్టం కిందికి వచ్చే పిల్లలను కూడా చేర్చింది. మండల స్థాయిలో భవిత కేంద్రాలు ఏర్పడ్డాయి. ప్రాథమిక స్థాయిలో 10 మంది, ఆపై తరగతులలో 15 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు నిర్దేశించింది. 2016 చట్టం ప్రామాణిక వైకల్యం గల పిల్లలకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది. ఈ క్రమమంతా 18వ ఏట ఒక్కసారిగా ఆగుతుంది. బడి ముగిసిన మరునాడు ఆ యువకుడు ఎక్కడికి వెళ్లాలో చెప్పే వ్యవస్థ మండల స్థాయిలో లేదు.

ఈ మలుపే ఉపాధిని నిర్ణయిస్తుందని ఇతర దేశాల పరిశోధనలు కూడా చూపుతున్నాయి. అమెరికాలో పాల్ షాటక్ బృందం 2012లో ప్రచురించిన జాతీయస్థాయి అధ్యయనం ప్రకారం, ఉన్నత పాఠశాల ముగిసిన ఆరేళ్ల లోపు ఏదో ఒక జీతపు పని చేసిన ఆటిజం యువత 55.1 శాతం, కళాశాలలో చేరినవారు 34.7 శాతం. బడి విడిచిన తొలి రెండేళ్లలో సగానికి పైగా చదువూ పనీ రెండూ లేకుండా ఉన్నారు. కుటుంబ ఆదాయం, వ్యక్తి దైనందిన సామర్థ్యం ఎక్కువగా ఉన్నవారికి అవకాశాలు మెరుగ్గా ఉన్నాయి.

దీనికి ఆశాజనకమైన మరో పార్శ్వం ఉంది. వర్జీనియాలో పాల్ వేమన్ బృందం బడి చివరి ఏడాదిని ఆసుపత్రులలో పని శిక్షణగా మార్చి ఫలితాలను 2014లో ప్రచురించింది. శిక్షణ పొందిన 24 మందిలో 21 మందికి ఉద్యోగం దొరికింది. సాధారణ పద్ధతిలో చదివిన 16 మందిలో ఒక్కరికే దొరికింది. అధ్యయనం చిన్నదే అయినా భేదం పెద్దది. రెండు బృందాల మధ్య ప్రధాన భేదం పనిచోటనే ఇచ్చిన శిక్షణ, వెంట నిలిచిన శిక్షకుడు. తరగతి గదిలో ‘ఉద్యోగ నైపుణ్యాలు’ బోధించి పంపడం కన్నా, పనిచోట నిలబెట్టి నేర్పడం ఆటిజం గలవారికి అనుకూలం. ఒకచోట నేర్చినదాన్ని మరొకచోటికి తీసుకువెళ్లడం వారిలో చాలామందికి కష్టం కావడమే దీనికి కారణం.

8. పనిప్రదేశం:
డెన్మార్క్‌లో 2004లో థోర్కిల్ సోనె స్థాపించిన స్పెషలిస్టర్న్ సంస్థ సాఫ్ట్‌వేర్ పరీక్షణ రంగంలో ఆటిజం గలవారికి ఉద్యోగాలు కల్పించి ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. 2013లో ఎస్‌ఏపీ సంస్థ ప్రకటించిన కార్యక్రమంలో బెంగళూరుకు కూడా చోటుంది. దీనివల్ల ఆటిజం గలవారందరూ గణిత ప్రతిభావంతులన్న మరో అపోహ కూడా వ్యాపించింది. 1988 నాటి ‘రెయిన్ మ్యాన్’ చలనచిత్రం ఆ అపోహకు ముందే పునాది వేసింది. బాసరలో 2008లో ఏర్పడిన సాంకేతిక విశ్వవిద్యాలయం భైంసాకు సమీపంలోనే ఉన్నా, అది అందరికీ దారి కాదు. స్థానిక పనులను వాటి స్వభావాన్ని బట్టి పరిశీలించడం అవసరం.

జిన్నింగ్ మిల్లులో పని క్రమబద్ధం, పునరావృతం. ఇది అనుకూలాంశం. కానీ యంత్రాల హోరు, గాలిలో దూదిపొట్టు, లారీలు వచ్చినప్పుడు హడావుడి ఇంద్రియస్పందన తీవ్రంగా ఉన్నవారికి భరించరానివి. అదే ఆవరణలో బేళ్లకు సంఖ్యలు వేయడం, కాంటా చీటీలను వరుసలో పెట్టడం, నమూనాలను సర్దడం వంటి పనులు వేరే గదిలో చేయదగినవి. నిర్మల్ బొమ్మల తయారీలో పొణికి కర్రను చెక్కడం, చింతగింజల జిగురుతో రంపపుపొట్టును కలిపి అతికించడం, పూత పూయడం, రంగులు వేయడం అనే దశలు స్పష్టంగా విడివడి ఉంటాయి. ప్రతి దశనూ కంటితో చూసి నేర్చుకోవచ్చు. అయితే ఈ కళ నకాషీ కుటుంబాలలో పరంపరగా వచ్చినది. బయటివారికి శిక్షణ ఏర్పాటు కాకుండా ఆ తలుపు తెరుచుకోదు. బీడీలు చుట్టే పని ఇంట్లోనే చేయవచ్చు గాని, ఆరోగ్యానికి హానికరం. మనిషిని నాలుగు గోడల మధ్యనే ఉంచుతుంది.

2016 చట్టంలోని ‘సహేతుక సర్దుబాటు’ అనే భావన ఇక్కడే ఉపయోగపడాలి. యజమానికి మితిమీరిన భారం కాకుండా అవసరమైన మార్పులు చేయడమే దీని అర్థం. ఆటిజం విషయంలో ఈ మార్పులు సాధారణంగా ఖర్చుతో కూడినవి కావు: పనిని బొమ్మలతో దశలవారీగా గోడపై పెట్టడం, చెవులకు శబ్దనిరోధకాలు, ఒకే వ్యక్తి నుండి ఆదేశాలు, మార్పు ఉంటే ముందురోజే చెప్పడం, ముఖాముఖికి బదులు పని చేసి చూపించే పరీక్ష. అయితే కాంట్రాక్టరు ద్వారా కొన్ని నెలలకే వచ్చే హమాలీలతో నడిచే చోట ఈ సర్దుబాటును ఎవరిని అడగాలన్నదే తెలియదు. యజమాని ఎవరో తేలకపోతే హక్కు కూడా తేలదు. పత్తి కాలం ముగియగానే పని ఆగిపోవడం మరో చిక్కు. దినచర్య మీద ఆధారపడే వ్యక్తికి ఆరునెలల పని, ఆరునెలల ఖాళీ సాధారణ కూలీకన్నా ఎక్కువ నష్టం కలిగిస్తాయి.

9. కుటుంబం, పింఛను, సంరక్షకత్వం:
తెలంగాణలో ఆసరా పథకం 2014 నవంబరులో మొదలైనప్పుడు వైకల్యం గలవారి పింఛను నెలకు 1500 రూపాయలు. 2019లో అది 3016, 2023లో 4016 రూపాయలైంది. పేద కుటుంబానికి ఇది గట్టి ఆధారం. కొడుకు పనిలో చేరితే పింఛను పోతుందేమోనన్న భయం తల్లిదండ్రులలో కలగడం సహజం. నాలుగు నెలలుండే కూలి కోసం ఏడాదంతా వచ్చే పింఛనును ఎవరూ పణంగా పెట్టరు. పని ఆగితే పింఛను వెంటనే తిరిగి లభిస్తుందన్న హామీ ఉంటేనే కుటుంబం ధైర్యం చేయగలదు. తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇంట్లో ఆసుపత్రి, కార్యాలయం, శిక్షణ అన్నీ తల్లి మీదనే పడతాయి. ఆమె స్వయంగా పత్తి ఏరడానికో, బీడీలు చుట్టడానికో వెళ్లవలసి ఉంటే కొడుకును శిక్షణకు తీసుకువెళ్లడం ఆనాటి కూలిని వదులుకోవడమే. ఆటిజం గల అమ్మాయిల విషయంలో భద్రత భయం, పెళ్లి ఆలోచన తోడై పని ప్రస్తావనే రాకుండా పోతుంది.

జాతీయ ట్రస్టు చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండినవారికి సంరక్షకుని నియమించే అధికారం జిల్లా కలెక్టరు స్థాయి అధికారి ఉండే స్థానిక కమిటీది. ఆస్తి రక్షణకు ఇది ఉపకరిస్తుంది. కానీ మనిషి తరఫున మరొకరు సంతకం చేసే స్థితి పని ఒప్పందాలలో అతని స్వతంత్రతను తగ్గించే ప్రమాదం ఉంది. 2016 చట్టం వ్యక్తితో సంప్రదించి నిర్ణయించే పరిమిత సంరక్షకత్వం వైపు మొగ్గింది. ఈ రెండు చట్టాల భావనల మధ్య సమన్వయం జరగవలసి ఉంది.

10. ఉపసంహారం:
పై పరిశీలన నుండి కొన్ని అంశాలు తేలుతున్నాయి.

* ఆటిజం గల యువత ఉపాధికి వ్యక్తి సామర్థ్యం ఒక కారకం మాత్రమే. కానర్ తొలి ఉదాహరణ నుండి నేటి అధ్యయనాల వరకు కుటుంబ ఆర్థికస్థితి, పెరిగిన పరిసరాలు అంతే బలంగా పనిచేస్తున్నాయి.
* చట్టాలలో ఆటిజం, ఉద్యోగపు హక్కు ఒక్కచోటికి చేరింది 2017లోనే. అంతకుముందు యౌవనంలోకి వచ్చినవారికి నేటి శిక్షణ, ధ్రువపత్ర అవకాశాలను వయోపరిమితి సడలించి కల్పించడం న్యాయం.
* భైంసా వంటి బహుభాషా సరిహద్దు ప్రాంతంలో పరీక్ష, శిక్షణ ఆ వ్యక్తి ఇంటిభాషలో జరగాలి.
* 18 ఏళ్ల తరువాత ఏర్పడే ఖాళీని పూరించడానికి భవిత కేంద్రాలను పని శిక్షణతో అనుసంధానించడం, శిక్షణను మార్కెట్ యార్డు, ఆసుపత్రి, గ్రంథాలయం, బొమ్మల కార్ఖానా వంటి నిజమైన పనిచోట్లనే ఇవ్వడం అవసరం.
* పనిలో చేరినందువల్ల పింఛను శాశ్వతంగా పోదన్న స్పష్టత కుటుంబాలకు కావాలి.

పాత పల్లె ఆటిజం గలవారికి పేరు ఇవ్వకుండా పని ఇచ్చింది, కూలి ఇవ్వలేదు. నేటి వ్యవస్థ పేరును, పత్రాన్ని ఇస్తోంది. పనిని మాత్రం వారి కుటుంబాలే వెతుక్కోవాలి. పేరు, పని, కూలి మూడూ ఒకే మనిషికి ఒకే కాలంలో దక్కేలా చేయడం ఈ తరం విధానకర్తల ముందున్న బాధ్యత. జిల్లా స్థాయిలో ఆటిజం గల యువత స్థితిగతులను ఇంటింటి సర్వే ద్వారా నమోదు చేయడం అందుకు మొదటి మెట్టు. ఆ దిశగా తెలుగు, సామాజికశాస్త్ర విభాగాలు కలిసి క్షేత్రపరిశోధనలు చేపట్టవలసి ఉంది.